మా పాత ఫియట్‌కి ఆటోనగర్‌లో దొంగ స్విచ్ పెట్టించా

నాన్నగారి ఫియట్, 84 మోడల్ ప్రీమియర్ పద్మిని. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి ముందు సందులోనే పెడతాం, గేట్లో పట్టదు. సంక్రాంతికి ఊరెళ్లొచ్చేసరికి రెండు వీల్ కప్పులు మాయం, డోర్ మీద క్రోమ్ పట్టీ సగం పీకి వదిలేశాడు ఎవడో, పాపం టైం చాలలేదనుకుంటా.

సరే అని జీపీఎస్ ట్రాకర్ ఒకటి కొని ఆటోనగర్ పోతే, మొదటి షాపువాడు (పేరెందుకులెండి) దాంతో వచ్చిన రిలేని (బండి ఆపడానికి కరెంటు కట్ చేసే స్విచ్ లాంటిది) పెట్రోల్ పంపుకి కలుపుతానంటాడు. ఫియట్‌కి కరెంటు పంపు ఎక్కడిదయ్యా, ఇంజిన్ మీద తిరిగే మెకానికల్ పంపు కదా అంటే నా మొహం చూశాడు. దండం పెట్టి వచ్చేశా.

అప్పుడు దొరికాడు ఈ బాబాయ్. వంద అడుగుల రోడ్డు వెనక సందులో బోర్డు కూడా లేని ఆటో ఎలక్ట్రీషియన్ షాపు, అరవై దాటుంటాయి. "తాళం దగ్గర వైరు కట్ చేస్తే ఏం లాభం బాబూ, బ్యాటరీ నుంచి కాయిల్‌కి (స్పార్కు పుట్టించేది) వైరు ముక్క తగిలించాడంటే స్టార్టయిపోద్ది" అని, దొంగ స్విచ్చిని, అంటే ఎవరికీ కనపడకుండా దాచే స్విచ్చిని, కాయిల్‌కీ డిస్ట్రిబ్యూటర్‌కీ (స్పార్కుని ప్లగ్గులకి పంచేది) మధ్యలో పెట్టాడు. అది ఆఫ్‌లో ఉంటే స్పార్కే రాదు. కొత్త వైరు మెరుస్తుంటే గ్రీజులో కాస్త మట్టి కలిపి బొటనవేలితో రుద్దాడు చూడండీ, పాత వైర్లలో ఏది ఏదో నాకే తెలియట్లా. స్విచ్ ఎక్కడుందో చెప్పను, మా ఆవిడకి చెప్పడానికే రెండు రోజులు పట్టింది.

ట్రాకర్ కూడా ఆయనే బిగించాడు గానీ అది నాకు నచ్చలా. కొంచెం కొంచెంగా కరెంటు తాగుతూనే ఉంటది, బండి తీయక మూడు వారాలయ్యేసరికి బ్యాటరీ డౌన్. పోనీ బండి బ్యాటరీ టెర్మినల్ తీసేద్దామంటే ట్రాకర్ సొంత బ్యాటరీ మీద ఎన్ని గంటలొస్తది? అయినా వీల్ కప్పు పోతే ట్రాకర్ ఏం చేస్తది! "దొంగకి కారెందుకు, సామానుకే గిరాకీ" అంటాడు బాబాయ్. నిజమే, ఈ కార్ల తయారీ ఆగి పాతికేళ్లవుతోంది. యూపీ మీరట్‌లో సోటిగంజ్ అని దొంగ బళ్లు విప్పి అమ్మే బజారే ఉండేది, 2021 డిసెంబర్‌లో పోలీసులు మూయించారు. విప్పేశాక బంపర్ ఎవరిదని చెప్తాం, నంబర్లుండేది ఛాసిస్‌కీ ఇంజిన్‌కీనే కదా. అందుకే బంపర్ లోపలి వైపు, హెడ్‌లైట్ రింగుల వెనక, మిగిలిన కప్పుల లోపల బండి నంబర్ పంచ్ కొట్టించా, ఫొటోలు తీసిపెట్టుకున్నా. ఒక కప్పు మాత్రం సుత్తి దెబ్బకి సొట్టపోయింది, రేకు పల్చన, కింద చెక్క పెట్టమన్నా బాబాయ్ వినలా.

పోయిన కప్పుల కోసం ఒక పాత సామాన్ల కొట్టుకి వెళ్తే సరిగ్గా రెండే తీసి చూపించాడు, బిల్లు ఇవ్వడంట, రేటు మాత్రం మరీ చవక. నావేనేమో అని డౌటు, గుర్తేం లేదుగా, రుజువేది? దొంగ సరుకని అనుమానించదగ్గట్టు ఉన్నా కొంటే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 317 సెక్షన్ కింద మూడేళ్ల దాకా పడొచ్చు, మన కప్పులకి మనమే కేసులో ఇరుక్కోవడమేంటని వదిలేసొచ్చా.

స్విచ్చికి ఐదుకి ఐదు, పంచింగ్‌కి నాలుగు, ట్రాకర్‌కి రెండు. స్విచ్చికీ పంచింగ్‌కీ కలిపి తొమ్మిది వందలు తీసుకున్నాడు. వెళ్తే పొద్దున్నే వెళ్లండి, పదకొండు దాటితే సందులో లారీలు అడ్డం పెట్టేస్తారు. ఫోన్‌పే లేదు, క్యాషే.