ఫుల్ బాడీ హార్నెస్, డబుల్ లాన్యార్డ్: మా పెయింటర్లు రెండేళ్లు వాడాక

ఎత్తు మీద పని చేసేవాళ్ల కోసం, చేయించే నాలాంటి మేస్త్రీల కోసం ఇది రాస్తున్నాను. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లకు బయటి పెయింటింగ్ కాంట్రాక్టు చేస్తాను. మాది పలాస దగ్గర పల్లె. 2023లో సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఐదు హార్నెస్‌లు కొన్నాను. భుజాలు, ఛాతీ, తొడలు అన్నిటికీ పట్టీలు, వీపు మీద ఉక్కు రింగ్, దానికి రెండు తాళ్లు (వీటినే లాన్యార్డ్ అంటారు), మధ్యలో జర్కును తగ్గించే షాక్ అబ్జార్బర్ ఉన్న రకం. ఒక్కోటి 3,400 పడింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఒకే కంపెనీలో నాలుగైదు రకాలుంటాయి, పేరు చూసి కొంటే తేడా వస్తుంది. లేబుల్ మీద ఐఎస్ 3521 అనే భారత ప్రమాణం నంబరు, తయారైన నెల, సంవత్సరం ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇదెందుకు కొన్నానో ముందు చెప్పాలి.

2017లో మా పక్క ఊరి కుర్రాడు నా దగ్గర పని చేస్తూ పడి చనిపోయాడు. 23 ఏళ్లు. నన్ను మావా అని పిలిచేవాడు. ఐదో అంతస్తు దగ్గర జూలా మీద, అంటే పై నుంచి తాళ్లతో వేలాడదీసిన బల్ల మీద నిలబడి లప్పం పెడుతున్నాడు. జూలా తాడు పిట్టగోడ అంచుకు రాసుకుని రాసుకుని తెగిపోయింది. పోలీసులు, బిల్డర్ మనుషులు, ఊరి నుంచి వచ్చినవాళ్లు, అందరూ నన్ను అడిగిన మొదటి మాట ఒకటే. బెల్టు పెట్టుకున్నాడా? పెట్టుకున్నాడు. పొద్దున నా చేత్తో నేనే వాడి నడుముకు బిగించాను. కానీ దాని కొక్కెం జూలా రాడ్డుకే తగిలించి ఉంది. జూలాతో పాటే బెల్టూ, వాడూ కిందకొచ్చేశారు. దినాల నాడు వాళ్లమ్మ నన్ను పక్కకు పిలిచి, "బెల్టుందన్నావు కదా బాబూ, మరెలా పడిపోయినాడు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత ఐదారేళ్లు బయటి పని ఒప్పుకోలేదు. లోపలి గదుల పనే చేశాను. 2023లో మళ్లీ మొదలుపెట్టే ముందు రాణిగంజ్ వెళ్లాను. మూడు షాపుల్లో అడగ్గానే ధర చెప్పారు. నాలుగో షాపులో పెద్దాయన ధర చెప్పలేదు. "కొక్కెం ఎక్కడ తగిలిస్తావు బాబూ?" అన్నాడు. అప్పటిదాకా ఇన్నేళ్ల పనిలో నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. జూలాకే అన్నాను. ఆయన బిల్లు పుస్తకం వెనక అట్ట మీద బిల్డింగ్ గీసి, పై నుంచి రెండు గీతలు దించాడు. ఒకటి జూలా తాడు, రెండోది మనిషి తాడు. రెండూ వేర్వేరు చోట్ల కట్టాలి. జూలా తెగినా మనిషి తన తాడు మీద ఆగాలి. ఆ రెండో తాడుకు రోప్ గ్రాబ్ అనే బిగింపు ఉంటుంది. మెల్లగా దిగితే మనతో పాటు జారుతుంది, ఒక్కసారి జర్కు తగిలితే తాడును కరిచి పట్టుకుంటుంది. నా దగ్గరున్న పాత తాడు 18 ఎంఎం. ఆ గ్రాబ్ మీద 14 నుంచి 16 అని ఉంది. "ఆ తాడు దీనికి వద్దు, జారుతుందో ఇరుక్కుంటుందో చెప్పలేం" అని కొత్త తాడు కొనిపించాడు. సరుకు అమ్ముకోవడానికే అంటున్నాడేమో అని ఆ రోజు అనుకున్నాను. అలా అనుకున్నందుకు తర్వాత బాధపడ్డాను. నడుము బెల్టులు కూడా రెండు ఇవ్వమంటే, పడేవాణ్ణి ఆపడానికి అవి పనికిరావని, జర్కంతా నడుము మీద, కడుపు మీద పడుతుందని చెప్పి ఇవ్వనన్నాడు.

ఇక సరుకు సంగతి. కుట్లు గట్టివి. రెండేళ్లు ఎండలో, సున్నంలో, ప్రైమర్‌లో తిరిగినా నాలుగింటికి కుట్టు చెదరలేదు. కొక్కేలు పెద్దవి, పరంజా పైపుకు నేరుగా పడతాయి. రెండు తాళ్లు ఎందుకంటే, పైపు మీద ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయేటప్పుడు ఒకటి తీసేలోపు రెండోది తగిలించి ఉండాలి. మా కుర్రాళ్లకు ఇది అలవాటు కావడానికి నెల పట్టింది. మొదట్లో రెండు కొక్కేలూ భుజాన వేసుకుని తిరిగేవాళ్లు.

షాక్ అబ్జార్బర్ నిజంగా పని చేస్తుందా అని అందరికీ అనుమానమే. చూడ్డానికి చేతి వెడల్పు సంచీ, అంతే. ఒక హార్నెస్ పోతే పోయిందని పరీక్ష పెట్టాను. 40 కేజీల లప్పం బస్తాలు రెండు కలిపి హార్నెస్‌లో కట్టి, కొక్కెం నాలుగో స్లాబు పిల్లర్‌కు చుట్టిన స్లింగ్‌కు తగిలించి, కిందకు ఎవరూ రాకుండా చుట్టూ తాడు కట్టి, బస్తాలు తోసేశాం. బట్ట చింపినట్టు చర్రుమని శబ్దం. బస్తాలు గాల్లో ఆగి ఊగుతున్నాయి. పైకి లాగి చూస్తే సంచీ చిరిగి, లోపలి మడత పట్టీ మూరెడు దాకా కుట్లు విప్పుకుని బయటకొచ్చింది. తెగిన దారం పోగులు వరసగా నిలబడి ఉన్నాయి. మనిషి ఒంటికి తగలాల్సిన దెబ్బను ఆ కుట్లు ఒక్కొక్కటీ తెగుతూ తీసుకున్నాయి. ఇవి జర్కును 6 కిలోన్యూటన్లు, అంటే సుమారు 600 కేజీల బరువంత లోపు ఆపేలా చేస్తారు. అది లేకపోతే తాడు ఆగినా వెన్నెముక ఆగదు. ఒకసారి విచ్చుకున్న దాన్ని మళ్లీ వాడకూడదు. ఆ సెట్టు మొత్తం పక్కన పెట్టేశాం. 3,400 పోయింది గానీ, ఆ రోజు నుంచి కొక్కెం తగిలించమని నేను ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

ఇది ఎక్కడ పని చేయదో కూడా తెలియాలి. హార్నెస్ తాడు 2 మీటర్లు. అబ్జార్బర్ పూర్తిగా విచ్చుకుంటే ఇంకో 1.75 మీటర్ల దాకా. వీపు రింగ్ నుంచి పాదాల దాకా మీటరున్నర. కింద ఒక మీటరైనా ఖాళీ మిగలాలి. కొక్కెం తగిలించిన చోటి నుంచి కిందకు ఆరు మీటర్ల పైమాట, అంటే 20 అడుగులు. మొదటి అంతస్తులో కాళ్ల దగ్గర తగిలించి పని చేస్తే హార్నెస్ ఆపేలోపు నేల తగులుతుంది. అక్కడ తలపైన తగిలించాలి, లేదా పొట్టి తాడు వాడాలి. ఈ లెక్క కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంది. కానీ పుస్తకం మొత్తం ఇంగ్లీషే. తెలుగు లేదు, హిందీ లేదు, ఒడియా లేదు. ఎత్తెక్కేది ఎవరు? శ్రీకాకుళం వాళ్లు, గంజాం వాళ్లు, బీహార్ వాళ్లు. ఇది నాకు బాగా కోపం తెప్పించిన విషయం. మా అమ్మాయి చేత చదివించుకుని, తెలుగులో, నాకొచ్చిన ఒడియాలో వాయిస్ మెసేజ్‌లు పెట్టి గ్రూపులో పంపాను.

ఇంకో రెండు లోపాలు. మే నెలలో తొడ పట్టీల కింద చెమటకు ఒరుసుకుపోతుంది, లోపల పొడవు ప్యాంటు తప్పనిసరి. సన్నటి కుర్రాళ్లకు చివరి దాకా లాగినా వదులే. అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు, అంత బిగువుండాలి. కొనేటప్పుడు సైజు అడగండి.

పడ్డ మనిషి హార్నెస్‌లో ఆగాడంటే పనైపోయినట్టు కాదు. కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలోనే నిలిచిపోయి నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు, ప్రాణం మీదకూ రావచ్చు. కింద నుంచి ఎవరు ఎలా దించాలో పని మొదలయ్యే ముందే అనుకోవాలి. అలాగే లేబర్ కార్డు. పెయింటింగ్ కూడా నిర్మాణ పనే. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు పని చేసినవాళ్లు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చు. చనిపోయిన మా కుర్రాడి కార్డు రెన్యువల్ కాలేదు. ఆ తప్పు నాది.

మార్చి 4న పెద్ద సైట్లలో సేఫ్టీ డే చేస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు. మంచిదే. ఏప్రిల్ 28న పనిలో చనిపోయినవాళ్లను తలుచుకుంటారని ఒక సైట్‌లో సేఫ్టీ ఆఫీసర్ చెబితేనే నాకు తెలిసింది. 2025 జూన్‌లో పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో యాభై మందికి పైగా పోతే అందరికీ తెలిసింది. జూలా మీద నుంచి ఒక్కొక్కరుగా పోయేవాళ్ల పేర్లు వాళ్ల ఊళ్లు దాటవు. ఏటా ఏప్రిల్ 28న పని ఆపి, హార్నెస్‌లన్నీ టార్పాలిన్ మీద పరిచి కుట్టు కుట్టూ వేలితో తడిమి చూస్తాం. మొన్న ఏప్రిల్‌లో ఒకదాని భుజం పట్టీ మీద థిన్నర్ పడి గట్టిపడినట్టు కనిపించింది. కత్తితో ముక్కలు చేసి పారేశాం. కోయకుండా పారేస్తే ఎవరో ఒకరు ఏరుకుని వాడతారు.

2024 సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు చనిపోయిన ఆ కుర్రాడి అమ్మ దగ్గర కూర్చుని, షాపు పెద్దాయన గీసినట్టే నేల మీద బొగ్గుతో గీసి చూపించాను. జూలా తాడు, మనిషి తాడు. చాలాసేపు చూసింది. "ఈ రెండోది ఎంతవుద్ది బాబూ?" అంది.

చెప్పాను. మీకూ చెబుతున్నాను. నేను కొన్నప్పుడు 50 మీటర్ల తాడు 2,600, రోప్ గ్రాబ్ 1,900.