ఆరేళ్లు, మూడు పుస్తకాలు, ఒక పేక కట్ట

పేకముక్కల మేజిక్ పుస్తకం చూసి నేర్చుకోవచ్చా అని నన్ను చాలామంది అడిగారు. నేర్చుకోవచ్చు. ఆరేళ్లుగా నేను చేస్తున్నది అదే. అయితే నవల చదివినట్టు చదివితే ఏమీ రాదు. చేతిలో కట్ట లేకుండా తిప్పిన పేజీ చదవనట్టే లెక్క.

నేను వాడినవి మూడు. జీన్ హ్యూగార్డ్, ఫ్రెడరిక్ బ్రావే కలిసి రాసిన 'ది రాయల్ రోడ్ టు కార్డ్ మేజిక్' మొదటిది. 1940ల చివర్లో వచ్చింది, ఇప్పటికీ కొత్తవాళ్లకి ముందు దీన్నే చూపిస్తారు. రెండోది రాబర్టో జియోబీ 'కార్డ్ కాలేజ్', ఐదు భాగాల్లో మొదటి రెండు. మూడోది ఎస్. డబ్ల్యు. ఎర్డ్‌నేస్ అనే పేరుతో 1902లో వచ్చిన 'ది ఎక్స్‌పర్ట్ ఎట్ ది కార్డ్ టేబుల్'. నా కాలంలో ఎక్కువ భాగం మొదటి పుస్తకంతోనే గడిచింది కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను.

రాయల్ రోడ్ మొదటి అధ్యాయం అంతా పేక కలపడం గురించే. చిన్నప్పటి నుంచి కలుపుతున్నదే కదా అని దాన్ని వదిలేసి, నేరుగా డబుల్ లిఫ్ట్ దగ్గరికి వెళ్లిపోయాను. పైనున్న రెండు ముక్కల్ని ఒకే ముక్కలా ఎత్తి చూపించడం అన్నమాట. నెల రోజులు ప్రయత్నించాను. తిప్పిన ప్రతిసారీ రెండు ముక్కలూ విడిపోయి అంచులు బయటపడేవి. లోపం డబుల్ లిఫ్ట్‌లో లేదు, నేను కట్ట పట్టుకునే తీరులోనే ఉంది. వేళ్లన్నీ బిగించి, ఎవరో లాక్కుంటారేమో అన్నట్టు పట్టుకునేవాణ్ణి. మళ్లీ మొదటి అధ్యాయానికి వచ్చి అక్కడే మూడు నెలలు ఉన్నాను. ఈ రోజు నా చేతికి ఏదైనా వచ్చిందంటే అందులో సగం ఆ మూడు నెలల పుణ్యమే.

ఆ అధ్యాయంలో ఇన్‌జాగ్ అని ఒకటి ఉంది. ఎవరో ఒక ముక్క ఎంచుకుని, చూసి, కట్ట మీద పెట్టారనుకోండి. కట్టలో అడుగు సగాన్ని కుడిచేత్తో తీసి, ఎడమచేతిలో మిగిలిన వాటి మీద కలపడం మొదలుపెడతాం. మొదటి ముక్క ఒక్కటీ పడేటప్పుడు కుడిచేతిని మన ఒంటి వైపు కాస్త జరుపుతాం. ఆ ముక్క మిగతావాటి కంటే పావు అంగుళం మన వైపు పొడుచుకొచ్చి ఉంటుంది. మిగిలినవాటిని ఎగుడుదిగుడుగా దాని మీద కలిపేస్తే ఎదుటివాళ్లకి ఏ తేడా కనబడదు. చివర్లో ఆ ముక్క కింద ఉన్నవన్నీ ఒక్క పట్టున తీసి పైన వేస్తాం. వాళ్లు పెట్టిన ముక్క మళ్లీ అన్నిటికంటే పైకి వచ్చేస్తుంది. చూసేవాళ్ల దృష్టిలో మాత్రం పేక శుభ్రంగా కలిసిపోయింది.

రాస్తే ఇంత తేలిక. నాకు చేతికి రావడానికి అయిదు వారాలు పట్టింది. అందులో మొదటి వారం పూర్తిగా తప్పుగానే సాధన చేశాను. పుస్తకంలో 'ఇన్నర్ ఎండ్' అని ఉంటే, కట్ట మధ్యలోకి అని అర్థం చేసుకున్నాను. రెండు చేతులూ పేకలో ఉంటే పుస్తకం తెరిచి ఉంచడం కష్టం కాబట్టి మా తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టి చదివించుకునేవాణ్ణి. వాడే కనిపెట్టాడు. “అన్నయ్యా, బొమ్మలో ముక్క నీ పొట్ట వైపు వచ్చింది. నువ్వేమో పక్కకి తోస్తున్నావు” అన్నాడు. ఇన్నర్ అంటే మన ఒంటి వైపు అంచు, ఔటర్ అంటే ఎదుటివాళ్ల వైపు అంచు. ఈ రకం పుస్తకాలన్నిటిలోనూ ఈ మాటలు ఇదే అర్థంలో వస్తాయి. ముందే తెలుసుకుని మొదలుపెడితే నాలాగా వారం పోగొట్టుకోనక్కర్లేదు.

బొమ్మల విషయంలోనూ ఒక మాట చెప్పాలి. పుస్తకంలో బొమ్మ ఒక్క క్షణాన్ని చూపిస్తుంది. అసలు పని ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య జరుగుతుంది, దాన్ని చెప్పేది పక్కనున్న వాక్యమే. 'అదే సమయంలో', 'ఆ కదలికలోనే' లాంటి చిన్న మాటల్ని నేను మొదట్లో దాటేసేవాణ్ణి. అవి దాటేస్తే ఒకే ఊపులో జరగాల్సింది రెండు పనులుగా విడిపోతుంది, విడిపోయిన చోట ఎదుటివాళ్ల కన్ను పడుతుంది. ఇప్పుడు ఒక వాక్యం చదివి, చేసి, మళ్లీ అదే వాక్యం చదువుతాను. రోజుకి అర పేజీ అయితే చాలా అయినట్టే.

ఇలా చదవడం మొదలుపెట్టాకే డబుల్ లిఫ్ట్ దారిలో పడింది. రెండు ముక్కల కింద చిటికెనవేలి కొసతో సన్నటి సందు పట్టుకోవాలి, దాన్నే బ్రేక్ అంటారు. ఆ సందు పట్టేది ముక్క తిప్పే క్షణంలో కాదు, అంతకు ముందే, ఇంకా మాట్లాడుతూ ఉండగానే. బొటనవేలితో రెండు ముక్కల్ని కొంచెం పక్కకి తోసి, వెనక్కి లాక్కునేటప్పుడు వాటి కింద చిటికెనవేలి కండ చేరాలి. వేలు లోపలికి దూర్చకూడదు, దూర్చితే ముందు వైపు నుంచి కట్ట నోరు తెరుచుకున్నట్టు కనబడుతుంది. పై చర్మం ఆనితే చాలు. ఎంత ఆనాలో ఏ పుస్తకమూ చెప్పలేదు, అది వేలికే తెలియాలి.

అద్దం ముందు సాధన చేయమంటారు. చేశాను, రెండేళ్లు అంతా బాగుందనే నమ్మాను. ఒకసారి ఫోన్‌లో వీడియో తీసుకుని చూస్తే గుండె జారింది. రహస్యంగా చేయాల్సిన కదలిక వచ్చిన ప్రతిసారీ కళ్లార్పుతున్నాను. అద్దంలో నా తప్పు నాకే కనబడకుండా నా కళ్లే దాచేశాయి! అప్పటి నుంచి అద్దం కోణాలు చూసుకోవడానికి మాత్రమే, మిగతాదంతా వీడియోతోనే. ఒక కదలిక ఏ వేగంతో, ఏ లయలో సాగాలన్నది మాత్రం పుస్తకం కంటే బాగా చేసేవాళ్ల వీడియో చూస్తేనే త్వరగా తెలుస్తుంది. కానీ వీడియోతోనే మొదలుపెడితే వాళ్ల చేతుల తీరు మనకి అంటుకుంటుంది. పుస్తకంతో మొదలుపెడితే మన చేతికి తగ్గట్టు మనమే కుదుర్చుకోవాల్సి వస్తుంది. నాకు ఈ రెండో దారే నచ్చింది.

ముక్కల గురించి క్లుప్తంగా. మొదటి కట్ట మరీ నున్నటి ప్లాస్టిక్‌ది, విసనకర్రలా పరిస్తే ముక్కలు గుంపులు గుంపులుగా జారేవి. పైన సన్నటి గుంటలు అచ్చొత్తిన, పూత వేసిన కాగితపు ముక్కలు తీసుకున్నాక సగం కష్టం తీరింది. పోకర్ సైజు ముక్క వెడల్పు రెండున్నర అంగుళాలు, బ్రిడ్జ్ సైజు రెండుంపావు. అరచేతిలో ముక్క దాచే పామింగ్‌కి చిన్న చేతులున్నవాళ్లకి ఆ పావు అంగుళం పెద్ద తేడానే. వెనక వైపు చుట్టూ తెల్ల అంచు ఉన్నవి తీసుకోండి. కట్టలో ఒక ముక్క తిరగబడి ఉన్నా కొంచెం జరిగితే బయటపడదు.

కార్డ్ కాలేజ్ మొదట జర్మన్‌లో వచ్చి తర్వాత ఇంగ్లిష్‌లోకి వెళ్లిన పుస్తకం. రాయల్ రోడ్ 'ఇలా చెయ్యి' అని చెబుతుంది. ఇది ఎందుకు అలా చేయాలో, ఎక్కడ తప్పు జరుగుతుందో కూడా చెబుతుంది. గురువు లేనివాళ్లకి ఇదే మంచిదని ఇప్పుడనిపిస్తోంది. రాయల్ రోడ్‌కి ఉన్న బలం వేరు. ప్రతి పద్ధతి వెనకే దానితో చేయగల ట్రిక్కులు ఇస్తుంది. నేర్చుకున్న వారానికే ఇంట్లో ఎవరికో ఒకరికి చూపించొచ్చు. ఆ ఉత్సాహం లేకపోతే నేను రెండో నెలలోనే మానేసేవాణ్ణి.

ఎర్డ్‌నేస్‌తో మాత్రం మొదలుపెట్టొద్దు. ఆయన అసలు ఎవరో ఇప్పటికీ తేలలేదు. పుస్తకంలో చాలా భాగం జూదం బల్ల దగ్గర మోసాల గురించే, వాక్యాలు చిక్కగా ఉంటాయి. నేను నాలుగో ఏట తెరిచాను, అదీ తమ్ముడు అన్న ఒక మాట వల్ల. “నీ ముక్క ఎక్కడికి పోతోందో నాకు తెలీదు కానీ, ఎప్పుడు చేస్తున్నావో తెలిసిపోతోంది. మామూలుగా అయితే గబగబా కలుపుతావు, ట్రిక్ వచ్చేసరికి నెమ్మదిస్తావు” అన్నాడు. రాత్రంతా అదే ఆలోచన. ఎర్డ్‌నేస్ పట్టుబట్టి చెప్పేది సరిగ్గా దీని గురించే. నిజంగా కలిపినా, కలిపినట్టు నటించినా చేతులు ఒకేలా కదలాలి. అంటే దొంగ కలపడాన్ని మాత్రమే దిద్దుకుంటే చాలదు, మామూలుగా కలిపే తీరే మార్చుకోవాలి. అప్పటి నుంచి ఊరికే పేకాట ఆడుతున్నా అదే నెమ్మదితో, అదే పట్టుతో కలుపుతున్నాను. ఏడాది పట్టింది.

తమ్ముడూ ఈ మధ్య నేర్చుకుంటున్నాడు. వాడిది ఎడమచేతి వాటం. ఈ పుస్తకాలన్నీ కుడిచేతి వాళ్ల కోసం రాసినవే కాబట్టి ప్రతి వాక్యంలో కుడిని ఎడమ చేసుకుని చదవాలి. పైగా ముక్కలు వాడి పద్ధతిలో విసనకర్రలా విప్పితే అంకెలు కనబడకుండా ఖాళీ మూలలే వస్తాయి. ముక్క మీద అంకె రెండు మూలల్లోనే ఉంటుంది, అవీ కుడిచేతి వాటానికి సరిపోయేవి. నాలుగు మూలల్లోనూ అంకెలున్న ముక్కలు దొరుకుతాయి, కానీ వాడు మిగతావాటికి ఎడమ, విప్పడానికి మాత్రం కుడి అని నిర్ణయించుకున్నాడు.

మొన్న వాడే ఆఠీన్ రాణిని ఎంచుకుని కట్ట మీద పెట్టాడు. నేను మాట్లాడుతూ కలిపాను. ఇన్‌జాగ్ పడింది, ముక్క పైకి వచ్చింది, కట్ట బల్ల మీద పెట్టేశాను. వాడు ఇంకా నా చేతులకేసే చూస్తూ, “ఊఁ, మొదలుపెట్టు మరి” అన్నాడు.