రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 ఉంచుకోవాలా, 450కి మారాలా?

"అన్నా, 411 ఇచ్చేసి 450 తీసుకోవచ్చా?" హన్మకొండ, కాజీపేట వైపు బండి మీద ఊళ్లు తిరిగేవాళ్లు నలుగురు కలిస్తే ఈ ప్రశ్న రాకుండా ఉండదు. ఈ మధ్యే నేను 411 ఇచ్చేసి 450 తెచ్చుకున్నాక అడిగేవాళ్లు ఇంకా పెరిగారు. ఫోన్లో ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకేసారి వివరంగా రాస్తే మేలనిపించింది.

స్పెక్స్ మీకు తెలిసినవే. 2016లో వచ్చిన 411కి గాలితో, ఆయిల్‌తో చల్లబడే ఇంజన్, 5 గేర్లు, సుమారు 24 హార్స్‌పవర్. 2023 నవంబర్‌లో వచ్చిన 450కి లిక్విడ్ కూలింగ్, 6 గేర్లు, దాదాపు 40 హార్స్‌పవర్. బరువులో పెద్ద తేడా లేదు. 411 సుమారు 199 కిలోలు, 450 సుమారు 196. రెండింటికీ ముందు 21 అంగుళాల చక్రమే. మైలేజ్ కూడా ఇంచుమించు ఒకటే. 450లోని గుండ్రటి స్క్రీన్, అందులో గూగుల్ మ్యాప్స్, రైడ్ మోడ్‌లు చూసి చాలామంది మనసు పారేసుకుంటారు. వాటి కోసమే అయితే బండి మార్చకండి. ఆ మ్యాప్ ఫోన్ నుంచే రావాలి, అది ఫోన్ బ్యాటరీని తాగేస్తుంది.

నా దృష్టిలో తేల్చేది ఒక్కటే. వెనక ఒక మనిషి, పక్కన సామాను బ్యాగులు ఉన్నప్పుడు, రెండు వరసల రోడ్డు మీద, మీ బండి లారీని ఎంత దూరంలో దాటగలదు? మిగతావన్నీ దీని తర్వాతే.

ఎందుకంటే మన దారులు అలాంటివి. హైదరాబాద్ వైపు 163వ జాతీయ రహదారి నాలుగు వరసలు కాబట్టి అటు 411 చక్కగా సరిపోతుంది. ఎడమ వరసలో 80 దగ్గర పెట్టుకుని జనగామ, భువనగిరి మీదుగా హాయిగా వెళ్లిపోవచ్చు. మనం తిరిగేది మాత్రం ఎక్కువగా ఇటువైపు. రామప్ప, లక్నవరం, మేడారం, బొగత, లేకపోతే పరకాల మీదుగా భూపాలపల్లి, కాళేశ్వరం. ములుగు దాటాక పస్రా నుంచి తాడ్వాయి, ఏటూరునాగారం దాకా అడవిలో రెండు వరసల రోడ్డు. అటు గోదావరి ఇసుక లారీలు, ఇటు భూపాలపల్లి బొగ్గు లారీలు. ఒకటి వెనక ఒకటి నాలుగైదు లారీలు వరసగా పోతుంటే మధ్యలో దూరడానికి కూడా జాగా ఉండదు. తడి ఇసుక నుంచి కారే నీళ్లు రోడ్డంతా గీత గీసుకుంటూ పోతాయి, టార్పాలిన్ అంచు నుంచి రాలే ఇసుక హెల్మెట్ అద్దానికి టపటపా తగులుతుంది. వెనకాలే ఉండిపోదామంటే కళ్లు మండుతాయి, దాటుదామంటే ఎదురుగా ఆర్టీసీ బస్సు.

ఇక్కడ లెక్క చూడండి. లారీ 50 వేగంతో పోతోందనుకుందాం. దాని వెనక వదిలిన దూరం, లారీ పొడవు, దాటాక మళ్లీ మన వరసలోకి రావడానికి కావలసిన జాగా కలిపి లారీ కంటే 40 మీటర్లు అదనంగా ముందుకు రావాలి. మీ సగటు వేగం 70 అయితే దానికి ఏడు సెకన్ల పైనే పడుతుంది. అప్పటికి మీరు 140 మీటర్లు వెళ్తారు. ఎదురుగా 80 మీద వచ్చే కారు ఇంకో 160 మీటర్లు మీవైపు వస్తుంది. అంటే ముందు 300 మీటర్ల రోడ్డు ఖాళీగా కనిపించాలి. సగటు వేగం 85కి పెరిగితే నాలుగు సెకన్ల చిల్లరలో పని అయిపోతుంది, 190 మీటర్లు చాలు. అడవి రోడ్డు మీద రెండు మలుపుల మధ్య 190 మీటర్లు దొరికినంత తరచుగా 300 మీటర్లు దొరకవు.

ఇప్పుడు ఇద్దరు మనుషులు, సామాను కలిపి 155 కిలోలు అనుకుంటే, 411లో ఒక్కో హార్స్‌పవర్ దాదాపు పద్నాలుగున్నర కిలోలు లాగాలి. 450లో అది 9 కిలోలకు దిగుతుంది. ఇంకో మాట, 411 మీద మీరు ఒక్కరే ఖాళీగా వెళ్లినా ఒక్కో హార్స్‌పవర్‌కి 11 కిలోల పైనే పడుతుంది. అంటే ఇద్దరినీ సామానునూ మోస్తున్న 450, ఒక్కరే ఉన్న 411 కంటే తేలిగ్గా లాగుతుంది. నన్ను ఒప్పించింది ఈ లెక్కే. మా ఆవిడతో బయల్దేరిన ప్రతిసారీ 411 మీద లారీ వెనక మూడో గేరు, నాలుగో గేరు అనుకుంటూ లేని ఊపు కోసం చూసేవాణ్ణి. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినా మీటరు 60 నుంచి 70కి నింపాదిగా ఎక్కేది. ఆ కొద్ది సెకన్లలో వెనక ఆమె మోకాళ్లు నా నడుముకు బిగుసుకునేవి, నోటితో ఏమీ అనకపోయినా. ఇప్పుడు అదే రోడ్డు మీద అదే లారీని దాటేటప్పుడు ఆమె మాట మధ్యలో ఆపడం లేదు.

అయితే 450 ఈ ఊపు ఊరికే ఇవ్వదు. 411కి అలవాటుపడిన చెయ్యి మొదట్లో తికమకపడుతుంది. పాత బండిలో 2500 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర గేరు మార్చకుండా తిప్పితే మెల్లగానైనా గుక్కపట్టి లాగుతుంది. 450లో అలా చేస్తే బండి నీరసంగా కదులుతుంది. నాలుగు వేలు దాటాకే దాని అసలు బలం బయటికి వస్తుంది. అందుకే దాటే ముందే ఒకటి, అవసరమైతే రెండు గేర్లు దించి సిద్ధంగా ఉండాలి. కొత్తగా కొన్న కొంతమంది "ఇదేంటి, పాతదే నయం" అనడానికి కారణం ఇదే. నెల రోజులు ఓపిక పడితే చెయ్యి దానంతటదే నేర్చుకుంటుంది.

411 గెలిచే చోట్లూ ఉన్నాయి, అవి చిన్నవి కావు. మేడారం జాతర రోజుల్లో పస్రా దాటాక ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, నడిచే జనం మధ్య మొదటి గేరులో పాకుతూ వెళ్లాలి. అక్కడ 411 క్లచ్ వదిలేసినా ఆగిపోకుండా నడక వేగంతో పోతుంది. కెరమెరి ఘాట్ మలుపుల్లోనూ అంతే, రెండో గేరులో వదిలేస్తే చాలు, ఇంజన్ తన పని తాను చూసుకుంటుంది. 450లో అవే మలుపుల్లో మొదటికీ రెండోదానికీ మధ్య కాలు ఆడుతూనే ఉంటుంది. సీటు ఎత్తు ఇంకో విషయం. 411ది 800 మిల్లీమీటర్లు, 450ది 825, కావాలంటే 845 దాకా పెంచుకోవచ్చు. అయిదున్నర అడుగుల లోపు ఉన్నవాళ్లకు ఈ ఒక్క అంగుళమే పెద్ద తేడా. వాన పడ్డ నల్లరేగడి నేలలో, వెనక మనిషి ఎక్కుతున్నప్పుడు, రెండు పాదాలూ పూర్తిగా ఆనకపోతే 196 కిలోలు ఒక పక్కకు వాలిపోతుంటే ఆపడం కష్టం. షోరూమ్‌లో నున్నటి టైల్స్ మీద ఎక్కి చూసి తేల్చుకోకండి, బయట కంకర మీదకి తీసుకెళ్లి చూడండి.

వేడి గురించి కూడా అడుగుతున్నారు. మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు ఎండ 45 డిగ్రీలు తాకే రోజుల్లో ఏ బండీ చల్లగా ఉండదు. 450 రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలుపెడితే హన్మకొండ చౌరస్తా సిగ్నల్ దగ్గర పిక్కలకు వేడిగాలి కొడుతుంది. రోడ్డు మీద కదులుతున్నంతసేపూ తెలియదు. 411లో వేడి మెల్లగా పైకెక్కి, దిగేదాకా అలాగే ఉంటుంది. నాకైతే 450 నయం, కానీ ఊళ్లోనే రోజూ ఆఫీసుకు నడిపేవాళ్లు ఈ మాట పట్టించుకోవాలి.

మరమ్మతు సంగతికొస్తే 411కి తిరుగులేదు. ఏ మండల కేంద్రంలోనైనా ఒక మెకానిక్ దాన్ని విప్పి ఉంటాడు. 450లో సెన్సర్లు, ఎలక్ట్రానిక్స్ ఎక్కువ, ఏదైనా లైటు వెలిగిందంటే షోరూమ్‌కే రావాలి. దూరం వెళ్లేముందు ఇది మనసులో పెట్టుకోవాలి. 450 కొనేటప్పుడు ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు దొరికితే కాస్త ఎక్కువైనా అవే తీసుకోండి. తాడ్వాయి అడవిలో వెనక చక్రం ఊడదీసి, ట్యూబ్ బయటికి లాగి, అతుకు వేయించి, మళ్లీ చైను సరిచేసుకునేసరికి పొద్దు గూకుతుంది. ట్యూబ్‌లెస్ అయితే ఒక మేకు దిగినా చేతి సంచిలోని పంక్చర్ కిట్టుతో పది నిమిషాల పని.

డబ్బు విషయం దాచకుండా చెప్పాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బళ్ల మీద జీఎస్టీ 40 శాతం, ఆ లోపు వాటి మీద 18 శాతం. 2.69 లక్షల దగ్గర మొదలైన 450 ఇప్పుడు ఎక్స్‌షోరూమ్‌కే 3 లక్షలు దాటింది. దాని మీద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, క్రాష్ గార్డు, సామాను స్టాండ్లు కలుపుకోండి. 411 ఆపేశారు కాబట్టి అమ్మితే వచ్చేది ఏడాదికేడాదికి తగ్గేదే. ఈఎంఐ కట్టడానికి ఇంట్లో ఇంకేదో ఆపాల్సి వస్తుందంటే, 411 మీద పాతికవేలు ఖర్చు పెట్టి మంచి టైర్లు, కొత్త చైన్ స్ప్రాకెట్, కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగేచోటి బేరింగులు) మార్చి, ముందు ఫోర్కుల్లో కొత్త ఆయిల్ పోయించండి. బండి మళ్లీ కొత్తగా అనిపిస్తుంది, ఒంటరిగా తిరిగేవాళ్లకు అది అక్షరాలా సరిపోతుంది.

కేటీఎం 390 అడ్వెంచర్ సంగతి కూడా అడిగారు. 2025లో వచ్చిన కొత్తదానికి 399 సీసీ, దాదాపు 46 హార్స్‌పవర్, బరువు కూడా తక్కువే. పైన చెప్పిన లెక్కలో 450ని మించిపోతుంది, దాటే పని ఇంకా సులువు. అయినా నేను తీసుకోలేదు. అడవి రోడ్డు మీద 50 దగ్గర నెమ్మదిగా పోదామంటే ఆ ఇంజన్ ఊరుకోదు, వెనక సీటు మా ఆవిడకు గంటసేపటికే ఇబ్బంది అయింది. ఒక్కరే వేగంగా పోయేవాళ్లకు, ఎత్తు ఉన్నవాళ్లకు అది బాగా నచ్చుతుంది.

హీరో ఎక్స్‌పల్స్ 210, సుజుకి 250 సీసీ వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ కొత్త జీఎస్టీతో అందుబాటుకి వచ్చాయి, రెండూ తేలిక. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మంచివే. 411 ఉన్నవాళ్లు వాటికి మారితే మాత్రం ఇద్దరితో దాటే సమస్య అక్కడే ఉంటుంది.

కాబట్టి ఏడాదిలో ఎక్కువ ప్రయాణాలు వెనక మనిషితో, ములుగు, భూపాలపల్లి, కాళేశ్వరం దారుల్లో అయితే 450కి మారండి, ఆలోచించకండి. ఒక్కరే తిరిగేవాళ్లు, ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు లోపలి ఊళ్ల రోడ్లు ఇష్టపడేవాళ్లు 411నే ఉంచుకోండి. టెస్ట్ రైడ్‌కి మాత్రం ఒక్కరే వెళ్లకండి, మీ వెనక కూర్చునే మనిషిని తీసుకెళ్లండి. నాలుగో గేరులో 50 మీద ఉండగా యాక్సిలరేటర్ తిప్పి చూడండి, తర్వాత మూడో గేరుకు దించి మళ్లీ చూడండి. దిగాక వాళ్లకెలా ఉందో అడగండి. మారాలని తేలితే, పాత బండి అమ్మేటప్పుడు యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద సంతకాలతో ఆగిపోకుండా ఆర్‌సీ కొన్నవాళ్ల పేరు మీదికి మారేదాకా వెంటపడండి. అప్పటిదాకా దాని చలాన్లు వచ్చేది మీ పేరు మీదే.