"అన్నీ వచ్చేశాయి" అంటే నమ్మి పాత ఫోన్ ఇచ్చేయకండి

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారుదాం అనుకుంటున్నవాళ్ళు కొనే ముందే ఇది ఒకసారి చదవండి. నావి 180 పైచిలుకు నంబర్లు పోయాయి. తప్పు సగం నాది, సగం ఫోన్ అమ్మినతనిది.

పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చాను. అతను కొత్త ఫోన్‌లో నా గూగుల్ అకౌంట్ వేయించి కాంటాక్ట్స్ ఆన్ చేశాడు, రెండు నిమిషాల్లో పేర్లు బిలబిలా దిగిపోయాయి. "చూశారుగా సార్, అన్నీ వచ్చేశాయి" అన్నాడు. నేనూ వేలితో పైకీ కిందకీ జరిపి చూశాను, అమ్మ నంబరుంది, ఆఫీసువాళ్ళవి ఉన్నాయి, ఇంకేముందిలే అనుకున్నాను. అతను నా కళ్ళముందే పాత ఫోన్‌కి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాడు. నేను తలూపాను కూడా!

మూడో రోజు పేరు లేని నంబర్ నుంచి ఫోన్. "ఎవరండీ మాట్లాడేది?" అన్నాను మామూలుగానే. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత "నేనురా, అత్తయ్యని" అని మెల్లగా వినపడింది. "నా నంబర్ తీసేశావా?" అని అడిగింది మా మేనత్త, తీసేయలేదు అత్తయ్యా పోయింది అని ఎంత చెప్పినా అది నమ్మే మాటలా ఉందా మరి. అప్పుడు కూర్చుని చూస్తే తేలింది, పోయినవి ఒకటీ రెండూ కాదని.

జరిగింది ఏంటంటే, ఫోన్‌లో మనకు కనిపించే లిస్ట్ ఒకటే కానీ ఆ పేర్లన్నీ ఒకచోట ఉండవు. కొన్ని గూగుల్ అకౌంట్‌లో, కొన్ని సిమ్‌లో, కొన్ని ఫోన్ మెమరీలో, కొన్ని ఫోన్లలో అయితే ఆ తయారీ కంపెనీ సొంత అకౌంట్‌లో ఉంటాయి. కాంటాక్ట్స్ యాప్ వీటన్నిటినీ కలిపి ఒకే వరసలో చూపిస్తుంది, అందుకే తేడా తెలియదు. కొత్త నంబర్ సేవ్ చేసేటప్పుడు ఎక్కడ సేవ్ చేయాలో పైన చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి, అది ఎవరు చదువుతారు చెప్పండి? నేను ఏళ్ళ తరబడి అది "డివైస్" (అంటే ఫోన్ మెమరీ) మీదే ఉంచి సేవ్ చేసుకుంటూ పోయాను. ఐఫోన్‌లో గూగుల్ అకౌంట్ పెడితే గూగుల్‌లో ఉన్నవే వస్తాయి. నేను డివైస్‌లో సేవ్ చేసినవి రీసెట్‌తో పాటే గాల్లో కలిశాయి.

కాబట్టి పాత ఫోన్ చేతిలో ఉండగానే లెక్క చూసుకోండి. మొత్తం ఎన్ని, ఏ అకౌంట్‌లో ఎన్ని అని కాగితం మీద రాసుకున్నా సరే. ఐఫోన్‌లో కాంటాక్ట్స్ లిస్ట్ అడుగుకంటా వెళ్తే మొత్తం ఎన్నో కనిపిస్తుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. డివైస్‌లో ఉన్నవాటిని గూగుల్‌కి ఎక్కించడానికి గూగుల్ కాంటాక్ట్స్ సింక్ సెట్టింగ్స్‌లో "డివైస్ కాంటాక్ట్స్ కూడా సింక్ చేయి" అనే అర్థం వచ్చే ఆప్షన్ ఒకటి ఉంటుంది, అది ఆన్ చేస్తే సరిపోయేది. నాకు తెలిసింది తర్వాత. దాంతోపాటు కాంటాక్ట్స్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కి వీసీఎఫ్ ఫైల్ (పేర్లూ నంబర్లూ అన్నీ ఉండే ఫైల్) ఒకటి చేసుకుని మీకు మీరే మెయిల్ చేసుకోండి.

ఆ ఫైల్‌తో ఒక చిక్కుంది, పేర్లు తెలుగులో సేవ్ చేసుకునేవాళ్ళకి మరీను. మా చెల్లి ఫైల్ తెరిస్తే ప్రతి పేరు చోటా ఈక్వల్ గుర్తు, ఈ0, మళ్ళీ ఈక్వల్ గుర్తు, బీ0... ఇలా గజిబిజిగా వచ్చింది, పాపం ఏడుపు ఒక్కటే తక్కువ. పాత 2.1 రకం వీసీఎఫ్‌లో తెలుగు అక్షరాలను అలాగే కోడ్‌లో రాస్తారు, "అ" అనే ఒక్క అక్షరానికే అలాంటి ముక్కలు మూడు. పేరు లోపల క్షేమంగానే ఉంటుంది, చదివే యాప్‌కే చదవడం రాలేదు. గాభరాపడి ఆ ఫైల్ డిలీట్ చేయకండి, వేరే దాంతో తెరిచి చూడండి.

అన్నీ సిమ్‌లోకి కాపీ చేస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. సిమ్‌లో చోటు తక్కువ, చాలావాటిలో 250 దగ్గరే నిండిపోతుంది, పొడుగు పేర్లు తెగిపోతాయి, ఈమెయిల్, ఫొటో లాంటివి పోతాయి.

ఇంకో సంగతి, సింక్ అంటే కాపీ కాదు. ఒకే గూగుల్ అకౌంట్ రెండు ఫోన్లలో ఉండగా కొత్తదాంట్లో డబుల్ పడ్డాయని డిలీట్ కొడితే పాతదాంట్లోనూ పోతాయి. అలా పోయినవి గూగుల్ కాంటాక్ట్స్ ట్రాష్‌లో 30 రోజులుంటాయి, ఆలోపు తెచ్చుకోవచ్చు.

ఆండ్రాయిడ్‌లో ఉన్నవి ఐఫోన్‌కి తెచ్చే యాపిల్ వాళ్ళ "మూవ్ టు ఐఓఎస్" యాప్ ఎందుకు వాడలేదని అడగొచ్చు. అది కొత్త ఫోన్ సెటప్ జరుగుతుండగా వాడాల్సింది, మా అమ్మకందారు తొందరలో ఆ స్టెప్ దాటేశాడు. మీరు వాడితే పని అయ్యేదాకా పాత ఫోన్‌లో ఇంకో యాప్ తెరవకండి, మధ్యలో ఆగిపోవచ్చు. అయ్యాక కూడా లెక్క మాత్రం మానకండి.

రీసెట్ చేసిన ఫోన్ నుంచి కూడా డేటా తెస్తాం, డబ్బు కట్టండి అనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి. ఇప్పటి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు కోడ్‌లో ఉంటుంది, రీసెట్‌తో దాని తాళం చెవే పోతుంది. నేను వాట్సాప్ గ్రూపులు వెతుక్కుంటున్నాను, సేవ్ కాని నంబర్ పక్కన వాళ్ళు పెట్టుకున్న పేరు కనిపిస్తుంది కదా, అలా ఇప్పటికి 60 దాకా దొరికాయి. మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళు ఫోన్ చేయాల్సిందే. ఇప్పుడు తెలియని నంబర్ ఏదొచ్చినా "ఎవరండీ" అనడం మానేసి, "ఫోన్ మార్చానండీ, నంబర్లు పోయాయి" అని మొదలుపెడుతున్నాను.