మెట్ల కింద టాయిలెట్టా, సామాన్ల గదా? ఏడేళ్లు వాడాక నా మాట

మా ఇంట్లో పడక గదులు, స్నానాల గదులు అన్నీ పై అంతస్తులోనే ఉన్నాయి. కింద హాలు, వంటిల్లు, మెట్ల కింద కొంచెం ఖాళీ, అంతే. ఆ ఖాళీ మూడడుగుల వెడల్పు, ఎనిమిదిన్నర అడుగుల పొడవు. ఒక చివర ఏడడుగుల ఎత్తు ఉంటుంది, రెండో చివరకు వచ్చేసరికి అడుగు ఎత్తే మిగులుతుంది. ఇంత చిన్న చోటు గురించి ఇంట్లో నాలుగు నెలలు మాట్లాడుకున్నాం. అక్కడ చిన్న టాయిలెట్ కట్టించి ఇప్పటికి ఏడేళ్లు దాటింది. ఇదే సందేహంలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని మా అనుభవం మొత్తం రాస్తున్నాను.

అంతకుముందు అక్కడ సామాన్లే ఉండేవి. నిచ్చెన, ఇస్త్రీ బల్ల, వాక్యూమ్ క్లీనర్, సూట్‌కేసులు, పనిముట్ల పెట్టె, పాత పుస్తకాల అట్టపెట్టెలు. మా ఆయన దానికి తలుపులు పెట్టించి, అరలు వేయించి, పద్ధతైన సామాన్ల గది చేద్దామన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. మా ఇంట్లో అటక లేదు, అల్మరాలన్నీ నిండిపోయాయి. నాకు టాయిలెట్ కావాలనే ఉన్నా, సామాన్లన్నీ ఎక్కడ పెడతామని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

తేల్చింది మామయ్య నీళ్ల సీసా. ఆయనకు మోకాళ్ల నొప్పులు. పగలంతా కింద హాల్లోనే కూర్చుంటారు. అడిగితే "నాకోసమైతే వద్దమ్మా, పైకి వెళ్లి వస్తున్నాను కదా" అనేవారు. కానీ పొద్దున నేను పెట్టిన నీళ్ల సీసా సాయంత్రానికి సగం కూడా తగ్గేది కాదు. రెండు మూడు రోజులు గమనించాక అర్థమైంది. మాటిమాటికీ మెట్లెక్కాల్సి వస్తుందని ఆయన నీళ్లు తాగడమే తగ్గించేశారు. ఆ సంగతి చెప్పాక మా ఆయన ఇంక అరల గురించి ఎత్తలేదు.

ప్లాన్ గీయించే ముందు మేం చేసిన ఒక మంచి పని, నేల మీద చాక్‌పీసుతో గీతలు గీసి చూసుకోవడం. కమోడ్ ఉండే చోట కుర్చీ వేసి అందరం ఒకరి తర్వాత ఒకరు కూర్చుని లేచాం. కాగితం మీద తెలియనివి అప్పుడే తెలిశాయి. కమోడ్ మధ్య నుంచి పక్క గోడకు కనీసం 15 అంగుళాలు ఉండాలంటారు. మాది మూడడుగుల వెడల్పు కాబట్టి అటు ఇటు 18 వస్తాయనుకున్నాం. ప్లాస్టరింగ్, టైల్స్ అయ్యాక ఒక్కో పక్క అంగుళం పోయి 17 మిగిలింది. కొలతలు ఎప్పుడూ టైల్స్ పడిన తర్వాతి గోడ నుంచే లెక్కేసుకోవాలి. కమోడ్ ముందు మాకు 28 అంగుళాల ఖాళీ వచ్చింది. కనీసం 21 నుంచి 24 ఉంటే చాలంటారు కానీ, కర్ర పట్టుకుని తిరిగే మనిషికి ఆ నాలుగు అంగుళాల తేడా చాలా పెద్దది.

మొత్తం పొడవులో నాలుగున్నర అడుగులే టాయిలెట్‌కు తీసుకున్నాం. కమోడ్ వెనక గోడ దగ్గర ఎత్తు నాలుగడుగులకు కాస్త తక్కువ. కూర్చున్నప్పుడు తల తగలదు. లేచి నిలబడే చోట అయిదడుగుల ఏడంగుళాలు ఉంటుంది. మా ఇంట్లోవాళ్లకు సరిపోయింది కానీ, ఆరడుగుల మా తమ్ముడు వచ్చినప్పుడల్లా తల వంచి లేవాలి. మొదటిసారి గట్టిగానే తగిలింది. ఆ తర్వాత ఆ ఏటవాలు కప్పు అంచుకు మెత్తటి రబ్బరు పట్టీ అంటించాం. ఇంట్లో పొడవైనవాళ్లుంటే కుర్చీ పరీక్ష వాళ్లతోనే చేయించండి.

ఇక అన్నిటికంటే ముందు చూడాల్సింది మురుగు పైపు వాటం. గది ఎంత ముచ్చటగా వచ్చినా, కమోడ్ నుంచి బయటి మ్యాన్‌హోల్ దాకా పైపుకు సరైన వాలు దొరక్కపోతే ఆ ఆలోచన అక్కడే ఆపేయాలి. నాలుగంగుళాల పైపుకు నలభైకి ఒకటి చొప్పున, అంటే పదడుగుల దూరానికి మూడంగుళాల వాలు పెట్టుకోవాలని మా ప్లంబర్ చెప్పాడు. మాకు మ్యాన్‌హోల్ దగ్గరలోనే ఉంది, దాని లోతూ సరిపోయింది. మధ్యలో ఒకే ఒక వంపు. అదే హాలు మొత్తం దాటుకుని అవతలి వైపుకు వెళ్లాల్సి వస్తే నేల ఎంత తవ్వాలో ఊహించుకోండి. వాటం దొరకనిచోట మలాన్ని నలిపి సన్నటి పైపులోంచి పంపే మోటారు కమోడ్లు కూడా ఉన్నాయి. కానీ కరెంటు పోతే ఆగిపోయేది, లోపల పొరపాటున గుడ్డపేలిక పడితే ఇరుక్కుపోయేది ముసలివాళ్లున్న ఇంట్లో ఏకైక ఆధారం కాకూడదని నా అభిప్రాయం.

మొదటి ఏడాది మమ్మల్ని బాగా బాధపెట్టింది వాసన. టాయిలెట్ రోజూ కడుగుతున్నా మధ్యాహ్నమయ్యేసరికి హాల్లోకి ఏదో మురుగు వాసన వచ్చేది. బంధువులొస్తే నాకు ఒకటే టెన్షన్. కమోడ్ సరిగ్గా బిగించలేదనుకున్నాం, పైపు పగిలిందనుకున్నాం. అసలు కారణం వేరు. నేల మీద జాలీ కింద ఒక ట్రాప్ ఉంటుంది, అందులో ఎప్పుడూ రెండంగుళాల నీళ్లు నిలిచి ఉండాలి. ఆ నీళ్లే మురుగు గాలిని పైకి రాకుండా అడ్డుకుంటాయి. స్నానాల గదిలో రోజూ నీళ్లు పారతాయి కాబట్టి ఆ ట్రాప్ ఎండదు. ఇక్కడ స్నానాలు లేవు, మేం గదిని తడిగుడ్డతో తుడిచేవాళ్లం తప్ప నీళ్లు పోసేవాళ్లం కాదు. కొన్నాళ్లకు ట్రాప్ ఎండిపోయి వాసన నేరుగా పైకి వచ్చేది. ఇప్పుడు వారానికి రెండుసార్లు జాలీలో ఒక మగ్గు నీళ్లు పోస్తాం. ఆ సమస్య మళ్లీ రాలేదు. ఊరికి వెళ్లేటప్పుడు కూడా చివరగా ఆ పని చేసే తాళం వేస్తాను.

రెండో పాఠం ఎగ్జాస్ట్ ఫ్యాన్ నేర్పింది. మా టాయిలెట్‌కు బయటి గోడ లేదు, కిటికీ పెట్టే వీలు లేదు. అందుకని కప్పులోంచి పైపు వేసి బయటికి ఫ్యాన్ పెట్టించాం. లైటు ఆర్పాక కూడా పదిహేను నిమిషాలు తిరిగే టైమర్ ఉన్నది తీసుకున్నాం. మొదట్లో బాగానే లాగింది. తర్వాత లోపలి శబ్దాలు హాల్లోకి వినబడుతున్నాయని తలుపు కింద సందును రబ్బరుతో మూసేశాం. అప్పటి నుంచి ఫ్యాన్ తిరుగుతున్నా గాలి కదిలేది కాదు, గోడలు చెమర్చేవి, తలుపు వెనక బూజు పట్టింది. ఫ్యాన్ పాడైందనుకుని మార్చబోయాం. చూడటానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ తలుపు కొద్దిగా తీసి, ఒక కాగితం ముక్కను ఫ్యాన్ దగ్గర పెట్టి చూపించాడు. తలుపు తీస్తే కాగితం అతుక్కుంటోంది, మూస్తే రాలిపోతోంది. బయటి నుంచి గాలి లోపలికి వచ్చే దారే మేం మూసేశాం, ఇక ఫ్యాన్ దేన్ని బయటికి నెడుతుంది? రబ్బరు పీకేసి, తలుపు కింద ముప్పావు అంగుళం సందు వదిలాం. శబ్దం కోసం హాలు వైపు గోడకు పుస్తకాల అర ఆనించాం. పూర్తిగా పోలేదు, తగ్గింది.

తలుపు గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అది బయటికే తెరుచుకోవాలి, లేదా పక్కకు జరిగేదై ఉండాలి. వడ్రంగి అలవాటు ప్రకారం లోపలికి తెరుచుకునేలా కొలతలు తీసుకున్నాడు. చాక్‌పీసు గీతల మీద తలుపు తిప్పి చూసి మేమే మార్పించాం. గొళ్ళెం కూడా అవసరమైతే బయటి నుంచి నాణెంతో తిప్పి తీయగలిగేది పెట్టించాం. అయిదో ఏడాదిలో ఒకరోజు పొద్దున్నే మామయ్య లోపల కళ్లు తిరిగి పడిపోయారు. అత్తయ్య పిలిస్తే పలకలేదు. నాణెంతో గొళ్ళెం తిప్పి తలుపు తీస్తే, ఆయన సరిగ్గా తలుపుకు ఆనుకునే ఉన్నారు. లోపలికి తెరుచుకునే తలుపైతే ఆయన బరువుకు మేం తీయగలిగేవాళ్లమే కాదు. బీపీ మందు మోతాదు ఎక్కువై అలా జరిగిందని డాక్టర్ చెప్పారు. ఇప్పుడు బాగున్నారు. నాకు మాత్రం ఆ తలుపు చూసినప్పుడల్లా ఆ రోజే గుర్తొస్తుంది.

మరి సామాన్ల సంగతేమైంది? మెట్ల కింద ఖాళీ చేసేటప్పుడు ఒక్కో వస్తువూ బయటపెట్టి, దాన్ని చివరిసారి ఎప్పుడు వాడామో కాగితం మీద రాశాం. మూడో వంతు దాకా ఏడాదిగా ముట్టనివే. ఇవ్వగలిగినవి ఇచ్చేశాం. సూట్‌కేసులు ఒకదాంట్లో ఒకటి పెట్టి మంచం కిందికి తోశాం. పనిముట్ల పెట్టె వంటింటి అల్మరా మీదికి పోయింది. అప్పుడు నాకో విషయం తెలిసింది. సామాన్లను నాలుగు చోట్లకు పంచవచ్చు, టాయిలెట్‌ను పంచలేం. అయితే తేలిగ్గా అయిపోలేదు. మొదటి ఏడాది ఇస్త్రీ బల్ల పడక గది తలుపు వెనక, నిచ్చెన బాల్కనీలో, వాక్యూమ్ క్లీనర్ ఎక్కడ పడితే అక్కడ. మా ఆయన విసుక్కున్నప్పుడు నేను ఎదురు మాట్లాడలేకపోయేదాన్ని.

అసలు ఊరట మిగిలిన నాలుగడుగుల త్రికోణం వల్ల వచ్చింది. కమోడ్ వెనక గోడకు అవతల, మెట్లు దిగిపోతున్న ఆ భాగాన్ని హాలు వైపు నుంచి లాగే మూడు సొరుగులుగా చేయించాం. ఒక్కోటి ఒక్కో ఎత్తు, అడుగున చక్రాలు, మూడడుగుల లోతు. అరలు వేయించి ఉంటే అంత లోతులో వెనకున్నవి కనపడేవే కావు, పాత గదిలో మా బాధే అది. సొరుగు మొత్తం బయటికి వస్తుంది కాబట్టి చిట్టచివర పెట్టింది కూడా చేతికందుతుంది. నిజం చెప్పాలంటే, ఇదివరకటి గుట్టకంటే ఈ మూడు సొరుగుల్లోనే మాకు పనికొచ్చేవి ఎక్కువ పడుతున్నాయి. వాక్యూమ్ క్లీనర్ పెద్ద సొరుగులో ఉంటుంది. చెప్పులు, గొడుగులు చిన్నదాంట్లో.

పెద్ద సొరుగును పూర్తిగా ఊడదీసేలా చేయమని చెప్పింది ప్లంబరే. దాని వెనక గోడకు విప్పగలిగే చెక్క మూత పెట్టించాడు. నాలుగో ఏడాది ఆ సొరుగులో సామాన్లకు ముక్క వాసన రావడం మొదలైంది. మూత విప్పి చూస్తే కమోడ్ పైపు అతుకు దగ్గర సన్నగా చెమ్మ ఊరుతోంది. టైల్ ఒక్కటి కూడా పగలగొట్టకుండా పూటలో బాగుచేశారు. ఫ్లష్ ట్యాంకు కూడా గోడలో దాచేది కాకుండా బయటికి కనిపించేదే పెట్టుకోవడం మంచిదైంది. అందంగా లేదని మొదట అనిపించింది కానీ, లోపలి వాల్వు రెండుసార్లు నేనే మార్చుకున్నాను. చిన్న బటన్‌కు మూడు లీటర్లు, పెద్ద బటన్‌కు ఆరు లీటర్లు పడుతుంది.

నచ్చనిది చెప్పాలంటే వాష్ బేసిన్. చోటు కలిసొస్తుందని మూలకు బిగించే మరీ చిన్నది కొన్నాం. చేతులు కడిగితే నీళ్లు నేల మీద పడతాయి, తడి నేల పెద్దవాళ్లకు ప్రమాదం. కాళ్ల కింద గరుకు టైల్స్ వేయించాం కాబట్టి ఇంతవరకు ఎవరూ జారలేదు. మళ్లీ కట్టిస్తే బేసిన్‌ను కొంచెం పెద్దది చేసి, కుళాయిని పొట్టిది పెడతాను.

మా చెల్లెలు ఇలాంటి చోటునే సామాన్ల గది చేసుకుంది. ఆమె ఇంట్లో కింద పడక గదికి ఆనుకుని స్నానాల గది ఉంది. మ్యాన్‌హోల్ ఇంటికి అవతలి పక్క. ఆమె నన్ను అడిగినప్పుడు టాయిలెట్ వద్దనే చెప్పాను. కింద ఇంకొకటి అందుబాటులో ఉన్నప్పుడు, పైపు కోసం హాలంతా తవ్వుకుని, ఫ్యాన్ మీదే ఆధారపడే గదిని మెడకు చుట్టుకోవడంలో అర్థం లేదు. కింద ఒక్కటి కూడా లేనప్పుడు మాత్రం నేను ఇంకో మాట చెప్పను. పిల్లలకు, జ్వరం వచ్చినవాళ్లకు, వచ్చిన చుట్టాలకు, ఒళ్లు నొప్పులతో ఉన్న నాకు కూడా అది ఎన్నిసార్లు ఆదుకుందో. మా పాప కాలు బెణికి ఇరవై రోజులు కింద హాల్లోనే పడుకున్నప్పుడు, ఆ గది లేకపోతే రోజుకు ఎన్నిసార్లు ఎత్తుకుని మెట్లెక్కాలో లెక్కవేసుకున్నాను.

ఇప్పుడు అత్తయ్యకు కూడా లేవడానికి ఆసరా కావాల్సి వస్తోంది. కమోడ్ పక్కన స్టీలు కడ్డీ బిగించాలి. ఆ పక్క గోడ మెట్ల కోసం కట్టిన గట్టి గోడే కాబట్టి మనిషి బరువు ఆపుతుందని మేస్త్రీ చూసి చెప్పాడు. రెండో పక్కది పలుచటి బోర్డు గోడ, దానికి బిగించకూడదన్నాడు. రేపు అత్తయ్యను కూర్చోబెట్టి, చెయ్యి ఎక్కడ ఆనుతుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటాం.