స్క్రీన్ ఉంచండి, పాచికలు మాత్రం బయట వేయండి

తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కలిసి కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాని ఐదో ఎడిషన్ ఆడించేవారు తమ కాగితాలు ఆటగాళ్లకు కనిపించకుండా అడ్డుపెట్టుకునే నాలుగు మడతల అట్ట స్క్రీన్ ఒకటి చాలాకాలంగా నా దగ్గర ఉంది. ఒంగోలు లాయర్‌పేటలో మేడమీది గదిలో, శనివారం రాత్రుళ్లు, మా బృందం దాని ఎదుట కూర్చునే ఈ ఆట నేర్చుకుంది. అట్ట గట్టిది, బొమ్మ బాగుంది, లోపలివైపు పట్టికలు కంటికి అందేలా ఉన్నాయి. వీటి గురించి ఇంకా చెప్పనక్కరలేదు. నేను రాయదలచుకున్నది దాని వెనక పాచికలు వేయడం గురించి. చాలామంది ఆ పనికోసమే దీన్ని కొంటారు. నాకు దీనిమీద కోపం వచ్చిందీ అక్కడే.

పాచిక దాచాలనేవారి వాదన తెలిసిందే. కథను పాడుచేసే అంకె పడితే గేమ్ మాస్టర్, అంటే ఆట నడిపిస్తూ శత్రువుల తరఫున పాచికలు వేసేవాడు, దాన్ని గుట్టుగా మార్చుకోవచ్చంటారు. నేను మార్చను. ఎంత పడితే అంతే చెబుతాను. అయినా ఆ అట్ట చాటునుంచి చెప్పిన నిజం ఎదుటివారికి నిజంలా వినిపించదు. శత్రువు గురి తప్పితే 'అన్న కాపాడాడు' అనుకుంటారు. వరుసగా తగిలితే 'అన్నకు మనమీద కోపం వచ్చింది' అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. రెండింటిలోనూ నా ప్రమేయం లేదని ఎలా నిరూపించను? గెలిచినవాడికి గెలిచానన్న తృప్తి మిగలదు, ఆడించినవాడికి నమ్మకం దక్కదు.

ఉదయగిరి కథ ఆడుతున్నప్పుడు ఈ సంగతి తేలిపోయింది. గజపతుల చేతిలో ఉన్న ఆ దుర్గాన్ని కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి 1514లో గెలుచుకున్నాడు. ఆ ముట్టడి రోజుల్లో కోటలోకి దొంగదారిన వెళ్లి రావలసిన వేగులు మా ఆటగాళ్ల పాత్రలు. వాళ్లలో సింగి అనే పాత్ర మా బృందంలో అందరికన్నా చిన్న అమ్మాయిది. సింగికి ఉన్న హిట్ పాయింట్లు, అంటే దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గే ప్రాణం లెక్క, మొత్తం 12. అంతకుముందు కూడా చావు అంచుదాకా వెళ్లి బయటపడింది. బురుజు మెట్లమీద కావలి నాయకుడు ఎదురైనప్పుడు ఆమెకు 4 పాయింట్లే మిగిలాయి. పారిపోవడానికి దారి ఉంది. ఆ అమ్మాయి పారిపోలేదు. "పరవాలేదన్నా, నువ్వు నన్ను చంపవులే" అని నవ్వింది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ప్రాణాలకు తెగించాల్సిన చోట ఆమె నా మొహమాటాన్ని లెక్కలోకి తీసుకుంటోంది.

మే నెల. కొత్తపట్నం వైపునుంచి గాలి రావడం ఆగిపోయింది. గోడవైపు తిప్పి ఉన్న టేబుల్ ఫ్యాన్‌ను ఎవరో బల్లవైపు తిప్పారు. స్క్రీన్ నామీదికి వాలి, దానికి తగిలించిన కాగితాలతో సహా పడిపోయింది. కోట పటం బోర్లా పడింది కాబట్టి రహస్యాలు బయటపడలేదు. నిలబెట్టాను, మళ్లీ పడింది. దాన్ని మడిచి కింద పెట్టి, నాయకుడి కత్తి సింగికి తగులుతుందో లేదో తేల్చే పాచికను బల్ల మధ్యలోకి వేశాను.

ఇరవై ముఖాల పాచిక మజ్జిగ గ్లాసుకు తగిలి, పక్కకు తిరిగి, ఆ అమ్మాయి నోటు పుస్తకం దగ్గర ఆగింది. ఇరవై. ఇరవై పడితే దెబ్బ పాచికలు రెట్టింపు. నాయకుడి కత్తికి ఎనిమిది ముఖాల పాచిక ఒకటి వేయాల్సిన చోట రెండు వేయాలి. వాటిని ఆమె చేతికే ఇచ్చాను. ఏడు, ఏడు. నాయకుడి కండబలానికి ఇంకో మూడు. మొత్తం 17. ఉన్న నాలుగూ పోగా ఇంకా 13 మిగిలింది. మిగిలిన దెబ్బ పాత్ర పూర్తి హిట్ పాయింట్లతో సమానమైనా, వాటిని మించినా చావు అక్కడికక్కడే. ప్రాణం నిలుస్తుందో లేదో చూసే పాచికలకు కూడా అవకాశం ఉండదు. నేను నోరు తెరవకముందే ఆమె లెక్క పూర్తిచేసింది.

వాదన వస్తుందనుకున్నాను. రాలేదు. ఎవరూ నా మొహం చూడలేదు, అందరి కళ్లూ ఆ మూడు పాచికలమీదే ఉన్నాయి. కాసేపటికి ఆ అమ్మాయి, "అయితే ఇంతకుముందు కూడా నువ్వు కాపాడలేదన్నమాట" అంది. "లేదమ్మా, అవన్నీ నువ్వు బతికినవే" అన్నాను. ఆమె మొహంలో బాధకన్నా సంతోషమే ఎక్కువ కనిపించింది. సింగి శవాన్ని కోటలో వదిలి వచ్చేది లేదని మిగతావారు పట్టుబట్టారు. అలా పట్టుబట్టి ఆడటం మా బల్లమీద నేను అంతకుముందు చూడలేదు.

అప్పటినుంచి మా ఇంట్లో దెబ్బల పాచికలన్నీ బయటే పడుతున్నాయి. దాచక తప్పని పాచికలు కొన్ని ఉన్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. ఉచ్చు ఉందేమోనని వెతికినవాడికి రెండే పడిందని, అంటే వెతకడం ఫలించలేదని కనిపిస్తే, 'ఏమీ లేదు' అని నేను చెప్పినా నమ్మడు, అడుగు వేయడు. కాల్ ఆఫ్ కతుల్హు అనే ఇలాంటి మరో ఆటలో ఎదుటివాడి మనసు పసిగట్టే సైకాలజీ పాచికను ఆడించేవాడే చాటుగా వేయడం పాత పద్ధతి. అందులోనూ కారణం ఇదే. దీనికి మేము స్టీలు గ్లాసు వాడుతున్నాం. ఆటగాడే గ్లాసులో పాచిక వేసి, కుదిపి, బల్లమీద బోర్లిస్తాడు. అంచు కాస్త ఎత్తి నేనొక్కడినే చూస్తాను. గ్లాసు అక్కడే ఉంటుంది. ఉచ్చు పేలిన తర్వాతో, ఆ గది దాటిన తర్వాతో అందరి ముందూ ఎత్తుతాం. గ్లాసు ఎత్తే క్షణం కోసం వాళ్లు ఎదురుచూస్తారు. అట్ట వెనక వేసిన పాచికకు ఇలాంటి ముగింపు ఎప్పుడూ లేదు.

పట్టికలు బాగున్నాయని పైన అన్నాను. బాగున్నాయి, కానీ ఆట చేతికి వచ్చాక నేను చూసేవి తగ్గిపోయాయి. 1979లో ఈ ఆటను మొదట ప్రచురించిన టీఎస్ఆర్ సంస్థ తన స్క్రీన్ తెచ్చినప్పటి ఆటలో కత్తి తగిలిందో లేదో తేల్చడానికే పట్టిక కావాలి. ఐదో ఎడిషన్‌లో పాచిక అంకెకు కలపాల్సింది కలిపి ఆర్మర్ క్లాస్‌తో, అంటే దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకెతో, పోలిస్తే సరిపోతుంది. తేలిక పనికి 10, మధ్యస్థానికి 15, కష్టానికి 20 రావాలన్నది ఎవరికైనా నోటికి వచ్చేస్తుంది. పాత్ర కళ్లు కనపడకపోయినా, భయపడినా, కిందపడినా ఏమవుతుందో చెప్పే జాబితా ఒక్కటే ఇప్పటికీ పనికొస్తోంది. ఎవరి తర్వాత ఎవరి వంతు అన్నది మార్కాపురం పలకమీద బలపంతో రాసి అందరికీ కనిపించేలా పెడుతున్నాను. స్క్రీన్ అంచుకు తగిలించే చీటీలకన్నా ఇది నయం.

స్క్రీన్‌ను మాత్రం పారేయలేదు. పటాలు, శత్రువులకు మిగిలిన హిట్ పాయింట్లు, కథలో రాబోయే మనుషుల పేర్లు దాని వెనకే ఉంటాయి, ఉండాలి కూడా. బల్ల చివరకు జరిపి, నా ఎదుట ఖాళీ ఉంచుకుంటున్నాను.

మాది ఒకరినొకరు బాగా ఎరిగిన పెద్దవాళ్ల బృందం. పాత్ర పోతే ఇంకో పాత్ర రాసుకుని వచ్చే శనివారం వస్తారు. మొదటిసారి ఆడించేవారికి, కొత్తవారితో ఆడేవారికి నా అనుభవం ఎంతవరకు సరిపడుతుందో అక్కడి మనుషులను బట్టి ఉంటుంది. నెల్లూరులో మా అక్క పిల్లలకు ఆడించినప్పుడు కూడా పాచికలు దాచలేదు. దానికి బదులు బలహీనమైన శత్రువులను ఎంచుకున్నాను. 7 హిట్ పాయింట్ల గాబ్లిన్‌లు అనే చిన్న రాక్షసులు ఇద్దరు వాళ్లకు సరిపోయారు.

పటాలు ఎక్కువగా వాడేవారు కొనవచ్చు. నిలువు రకం వద్దు, అడ్డంగా ఉండే పొట్టి రకం తీసుకోండి. మనిషి మొహం కనిపిస్తుంది. మన ఎండల్లో ఫ్యాన్ తప్పదు కాబట్టి అడుగున బరువైన క్లిప్పులు పెట్టుకోండి. పాచికలు దాచడానికే అయితే, నా మటుకు నేను ఆ డబ్బుతో ఇంకో జత పాచికలు కొంటాను.