చౌక తిండా, సొంత రైతా? కూటమి వీడిన బ్రిటన్‌కు ఏ దారి మేలు

2019 మార్చి 13న బ్రిటన్ ప్రభుత్వం ఒక సుంకాల పట్టిక ప్రకటించింది. ఏ ఒప్పందమూ కుదరకుండానే యూరోపియన్ యూనియన్ నుంచి బయటపడాల్సి వస్తే ఏ సరుకు మీద ఎంత దిగుమతి సుంకం ఉంటుందో చెప్పే పట్టిక అది. గొర్రె మాంసం మీద యూరప్ నాటి సుంకాన్ని పూర్తిగా ఉంచారు. గొడ్డు మాంసం మీద సుమారు సగానికి తగ్గించారు. గుడ్లు, గోధుమలు, కూరగాయల మీద సున్నా. గుడ్ల రైతులు మండిపడ్డారంటే అర్థం ఉంది. కానీ పూర్తి రక్షణ దక్కిన వేల్స్ గొర్రెల రైతులకూ ఆ పట్టిక ఊరటనివ్వలేదు.

కారణం చిన్నదే. బ్రిటన్ గొర్రె మాంసంలో దాదాపు మూడో వంతు విదేశాలకు పోతుంది. అందులో 90 శాతానికి పైగా కొనేది యూరపే. ఒప్పందం లేకపోతే ఆ సరిహద్దులో 12.8 శాతం సుంకం, దానిపైన వంద కిలోలకు 171 యూరోలు కట్టాలి. రెండూ కలిపితే ధరలో 40 శాతం దాటుతుంది. సొంత దేశం సరిహద్దులో ఎంత గోడ కట్టినా, సరుకు అమ్ముడుపోయే చోట గోడ లేస్తే రైతు మునిగినట్టే. భీమవరం రొయ్యల రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు చెరువు గట్టు మీద లెక్కలన్నీ తారుమారయ్యాయి. మన దేశం విధించే దిగుమతి సుంకం ఎంతన్నది ఆ లెక్కల్లో ఎక్కడా లేదు.

2020 డిసెంబర్ 24న కుదిరిన ఒప్పందంతో బ్రిటన్, యూరప్‌ల మధ్య సుంకం సున్నాగానే మిగిలింది. గొర్రెల రైతు అప్పటికి గండం గడిచి బయటపడ్డాడు. ఇక మిగతా ప్రపంచం సంగతి. 2021 జనవరి 1న, 48 ఏళ్ల తర్వాత, సుంకాలు తామే నిర్ణయించుకునే అధికారం లండన్ చేతికి తిరిగి వచ్చింది. దాన్ని ఎలా వాడుకోవాలన్న దాని మీద మూడు వాదనలు ఉన్నాయి.

మొదటిది, సుంకాలన్నీ ఎత్తేయడం. కార్డిఫ్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త పాట్రిక్ మిన్‌ఫర్డ్ ఈ వాదనకు పెద్దదిక్కు. సుంకం అంటే తిండి కొనేవాడి మీద పన్ను, పేదవాడి జేబులో తిండి ఖర్చు వాటా ఎక్కువ కాబట్టి పన్ను దెబ్బ కూడా అతనికే ఎక్కువ అన్నది ఇందులోని సారం. ఈ మాటను కాదనడం కష్టం. 1815లో భూస్వాముల కోసం తెచ్చిన ధాన్యం సుంకాల చట్టాలను 1846లో ప్రధాని రాబర్ట్ పీల్ రద్దు చేసింది కూడా ఇదే తర్కంతో. అందుకు ఆయన తన పార్టీ చీలిపోవడాన్ని కళ్లారా చూడాల్సి వచ్చింది.

ఆ రద్దు తర్వాత జరిగిన కథ మాత్రం చాలామంది చెప్పరు. రైతు వెంటనే కుప్పకూలలేదు. మరో పాతికేళ్లకు పైగా బాగానే బతికాడు. ఎందుకంటే చౌక ధాన్యాన్ని మోసుకొచ్చే రైళ్లు, ఆవిరి ఓడలు అప్పటికి చాలినన్ని లేవు. 1870లలో అమెరికా మైదానాల గోధుమలు ఓడరేవుల్లో దిగాయి. 1882లో 'డునెడిన్' అనే ఓడ న్యూజిలాండ్ నుంచి గడ్డకట్టించిన గొర్రె మాంసాన్ని లండన్‌కు చేర్చింది. తాతల కాలంలో తీసిన తలుపు గుండా మనవళ్ల కాలంలో వరద వచ్చింది. ఈ ఆలస్యం గురించి మళ్లీ చెప్పుకోవాలి.

సున్నా సుంకం వాదులు న్యూజిలాండ్‌నే మరో ఉదాహరణగా కూడా చూపిస్తారు. 1984లో అక్కడి ప్రభుత్వం వ్యవసాయ రాయితీలను దాదాపు ఒక్క దెబ్బతో తీసేసింది. పదో వంతు రైతులు చితికిపోతారన్న అంచనా తప్పింది. పొలం బలవంతంగా అమ్ముకోవాల్సి వచ్చినవారు 1 శాతం దరిదాపుల్లోనే ఉన్నారు. అయితే అక్కడి గొర్రెలు 7 కోట్ల నుంచి 2.5 కోట్ల దాకా పడిపోయిన సంగతిని ఈ పెద్దమనుషులు మెల్లగా దాటేస్తారు. పైగా న్యూజిలాండ్ తాను పండించిన దాంట్లో చాలా భాగం ఎగుమతి చేసే దేశం. బ్రిటన్ తన తిండిలో దాదాపు 40 శాతం బయటి నుంచి తెచ్చుకునే దేశం. అమ్మేవాడికి నప్పిన చొక్కా కొనేవాడికి నప్పుతుందని ఎలా అనుకుంటాం? ఇంకో చిక్కు కూడా ఉంది. అడగకుండానే సుంకం తీసేస్తే, రేపు ఎవరితోనైనా బేరానికి కూర్చున్నప్పుడు ఇవ్వడానికి చేతిలో ఏమీ ఉండదు.

రెండో దారి, పాత సుంకాలను ఉంచుకోవడం. బ్రిటన్ పైకి ఎంచుకున్నది ఇదే. 2021 నుంచి అమలైన కొత్త పట్టికలో మాంసం మీద 12.8ని 12 చేసి, అంకెలను కాస్త నున్నగా చెక్కి, రక్షణను దాదాపు యథాతథంగా ఉంచింది. శుద్ధి చేయని చెరకు చక్కెరను మాత్రం ఏటా 2,60,000 టన్నుల వరకు సుంకం లేకుండా రానిచ్చి చక్కెర తీసే బీట్ దుంపల రైతులతో తిట్లు తింది.

ఈ దారిలో అసలు ప్రమాదం పట్టికలో కనిపించదు. సుంకం రైతు కోసమే అని చెబుతారు గానీ, దాని తాళం వాణిజ్య శాఖ దగ్గర ఉంటుంది. ఆస్ట్రేలియాతో 2021 డిసెంబర్‌లో సంతకాలయ్యాయి, 2023 మే 31న ఒప్పందం అమల్లోకి వచ్చింది. సుంకం లేని గొడ్డు మాంసం కోటా మొదటి ఏడు 35,000 టన్నులు, పదో ఏటికి 1,10,000 టన్నులు. గొర్రె మాంసం 25,000 నుంచి 75,000 టన్నులకు. ఆ తర్వాత మిగిలే రక్షణలూ పదిహేనో ఏడు దాటాక ఉండవు. దీనివల్ల దేశ ఆర్థిక వ్యవస్థ పెరిగేది 0.08 శాతమని ప్రభుత్వమే లెక్కగట్టింది. వ్యవసాయం, అటవీ, చేపల రంగాలకు తగ్గే విలువ సుమారు 9.4 కోట్ల పౌండ్లని కూడా ఆ లెక్కే చెప్పింది. ఒప్పందం నాటి వ్యవసాయ మంత్రి జార్జ్ యూస్టిస్, పదవి దిగాక 2022 నవంబర్‌లో పార్లమెంటులోనే ఇది బ్రిటన్‌కు అంత మంచి ఒప్పందమేమీ కాదని ఒప్పుకున్నారు.

ఇప్పటివరకు వరదేమీ రాలేదు కదా అంటారు. నిజమే. ఆసియాలో మంచి ధర పలికినప్పుడు ఆ మాంసం అటే పోతుంది. న్యూజిలాండ్‌కు ఎప్పటినుంచో ఉన్న గొర్రె మాంసం కోటా కూడా చాలా ఏళ్లుగా పూర్తిగా నిండలేదు. కానీ 1846 తర్వాతా మొదటి పాతికేళ్లు ఇలాగే అనుకున్నారు.

అన్నిసార్లూ అంత ఆలస్యం కూడా ఉండదు. 2025 మేలో అమెరికాతో కుదిరిన ఒప్పందంలో 140 కోట్ల లీటర్ల ఇథనాల్ మీద 19 శాతం సుంకాన్ని సున్నా చేశారు. బదులుగా బ్రిటన్ కార్ల మీద అమెరికా సుంకం తగ్గింది. ఆగస్టుకల్లా హల్ దగ్గర గోధుమలతో ఇథనాల్ చేసే వివెర్గో కర్మాగారం మూతపడే నిర్ణయం వెలువడింది. ఉత్తర ఇంగ్లండ్ గోధుమ రైతుకు అంత పెద్ద కొనుగోలుదారు మరొకరు దొరకడం తేలిక కాదు. కార్ల ఫ్యాక్టరీ నిలిచింది, గోధుమల గిరాకీ పోయింది. సుంకాన్ని నమ్ముకున్న రైతుకు తన రక్షణ ఏ రోజు ఏ సరుకుకు బదులుగా చెల్లిపోతుందో తెలియదు.

సుంకం నిలకడగా ఉండదన్న సంగతి ఏలూరు, ఖమ్మం జిల్లాల ఆయిల్‌పామ్ రైతులకు అనుభవమే. ముడి పామాయిల్ మీద మూల సుంకం 2024 సెప్టెంబర్‌లో సున్నా నుంచి 20 శాతానికి పెరిగింది. తొమ్మిది నెలలు తిరగకముందే, 2025 మే చివర్లో, 10కి దిగింది. గెలల ధర నూనె ధరతో ముడిపడి ఉంటుంది కాబట్టి వంటింటి ధరల మీద ఢిల్లీకి బెంగ పుట్టినప్పుడల్లా తోటలోని లెక్క మారిపోతుంది. అక్కడ బేరంలో పోతుంది, ఇక్కడ బెంగలో పోతుంది.

మూడో దారి, సరుకును చౌకగా రానిచ్చి రైతుకు ఖజానా నుంచి నేరుగా డబ్బివ్వడం. ఇది కొత్త ఆలోచన కాదు. 1947 వ్యవసాయ చట్టం తర్వాత, 1973లో యూరప్ కూటమిలో చేరేదాకా బ్రిటన్ ప్రధానంగా నడిచిన పద్ధతి ఇదే. ప్రభుత్వం ఏటా హామీ ధర ప్రకటించేది, మార్కెట్ ధర అంతకంటే తగ్గితే తేడాను ఖజానా భరించేది. దుకాణంలో రొట్టె చౌకగానే ఉండేది, రైతుకు నష్టం తగిలేది కాదు. 2017లో మధ్యప్రదేశ్ తెచ్చిన భావాంతర్ పథకం దీనికి దగ్గరి చుట్టం. ఎలాగూ తేడా ప్రభుత్వం కడుతుంది కదా అని వ్యాపారులు ధర దించేశారన్న ఫిర్యాదు అక్కడ గట్టిగానే వినిపించింది.

యూరప్‌లో చేరాక తర్వాతి కాలంలో ఈ సాయం హెక్టారు లెక్కకు మారింది. ఎంత భూమి ఉంటే అంత డబ్బు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధును చూసినవారికి ఇందులోని లోపం వెంటనే తెలుస్తుంది. పెద్ద కమతానికి పెద్ద మొత్తం వెళుతుంది, కౌలు రైతు ఖాతా ఖాళీగా ఉంటుంది. బ్రిటన్‌లో కౌలుదారుకు డబ్బు వచ్చిన చోట కూడా దాన్ని చూసి భూస్వామి కౌలు పెంచాడన్న మాట ఉంది. ఇంగ్లండ్ 2021 నుంచి ఈ చెల్లింపులను తగ్గిస్తూ, 2027తో పూర్తిగా ముగిస్తోంది. బదులుగా నేలను, నీటిని, పక్షులను కాపాడే పనులకు డబ్బు ఇస్తామంది. ఆలోచన మంచిదే. కానీ 2025 మార్చి 11న, నిధులు అయిపోయాయంటూ, ఆ పథకాల్లో ముఖ్యమైనదానికి కొత్త దరఖాస్తులను ఉన్నపళంగా ఆపేశారు.

అయినా నా ఓటు మూడో దారికే. సుంకం భారాన్ని కూలివాడూ కోటీశ్వరుడూ ఒకే రొట్టె మీద ఒకేలా మోస్తారు, ఖజానా భారాన్ని సంపాదనను బట్టి మోస్తారు. పైగా రాయితీ బడ్జెట్‌లో కనబడుతుంది, దాని మీద పోట్లాడవచ్చు, తగ్గించినదాన్ని మళ్లీ పెంచవచ్చు. ఒప్పందంలో వదులుకున్న సుంకాన్ని వెనక్కి తెచ్చుకోవడం అంత తేలిక కాదు. అందుకే నా షరతు వరుస గురించి. ముందు చాలా ఏళ్లకు చట్టంతో బిగించిన చెల్లింపు రావాలి, ఆ తర్వాతే సుంకం దిగాలి. నారింజ లాంటి ఆ నేల మీద పండని వాటికి ఈ షరతు కూడా అక్కర్లేదు, సున్నా చేసేయవచ్చు.

ఏ దారి పట్టినా ప్రమాణాల విషయంలో మాత్రం సడలింపు ఉండకూడదు. 1999లో బ్రిటన్ సూడి పందులను కదలనివ్వని ఇనుప బోనులను నిషేధించింది. అదే బోనుల్లో పెంచిన పంది మాంసాన్ని యూరప్ నుంచి రానిచ్చింది. తర్వాతి ఏళ్లలో దేశంలోని ఆడపందుల మంద దాదాపు సగమైంది. అందులో దాణా ధరల పాత్ర, రోగాల పాత్ర కూడా ఉన్నాయి, కానీ బోను లేనివాడు బోను ఉన్నవాడితో ధరలో పోటీ పడలేడన్నది నిజం. హార్మోన్లు ఎక్కించిన గొడ్డు మాంసం విషయంలో బ్రిటన్ గట్టిగానే నిలబడింది. 2024 జనవరిలో కెనడాతో చర్చలు ఆగిపోవడానికి ఒక కారణం అదే, మరో కారణం కెనడా తన జున్ను మార్కెట్‌ను తెరవకపోవడం. స్వేచ్ఛా వాణిజ్యం గురించి ఎంత మాట్లాడే దేశమైనా పాల దగ్గరికి వచ్చేసరికి బిగుసుకుపోతుంది. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకం చేసిన ఒప్పందంలో మన దేశం పాల ఉత్పత్తులను, యాపిల్స్‌ను పక్కన పెట్టింది. బ్రిటన్ చక్కెరను, కోడి మాంసాన్ని, గుడ్లను పక్కన పెట్టింది. మన రొయ్యలకు మాత్రం సుంకం లేని దారి ఇచ్చింది.

ముందు చెల్లింపు, ఆ తర్వాతే సుంకం తగ్గింపు అన్న వరుస బ్రిటన్‌లో తలకిందులైంది. ఇంగ్లండ్ రైతుకు పాత చెల్లింపు చివరి రూపాయితో సహా 2027లో ముగుస్తుంది. ఆస్ట్రేలియా గొడ్డు మాంసం కోటా అప్పటికి సగం దారిలో ఉంటుంది, ఇంకా ఏటేటా పెరుగుతూనే పోతుంది.